మాత్ర యొక్కటియే చాలదు: పిల్లులు, బద్దెపురుగులు

అనువాదకుని వృత్తిలో ఒక్కొక్క మాట ప్రాణము మీదికి తెచ్చును. కొంతకాలము క్రిందట పెంపుడు పిల్లుల సంరక్షణను గూర్చిన ఒక వ్యాసమును తెనిగించుచు, "పిల్లికి నియమముగా పురుగుల మందు ఇవ్వవలెను" అని వ్రాసితిని. వ్రాతప్రతిని ఇంటికి తీసికొనిపోయి మా మేనత్తగారికి చదివి వినిపించితిని. ఆమె ఆ వాక్యము వద్ద నన్ను ఆపి, "పురుగుల మందా? పిల్లిని పెంచమంటున్నావా నాయనా, చంపమంటున్నావా?" అని అడిగిరి.

ఆమె ప్రశ్న న్యాయమైనది. తెలుగునాట పురుగుల మందనగా పత్తిచేలపైనను, వరిచేలపైనను చల్లు విషము. ఆ మాట దినపత్రికలలో ఎట్టి వార్తలయందు కనబడునో అందరకు తెలిసినదే. ఆ వాక్యమును కొట్టివేసి, "కడుపులోని బద్దెపురుగులను చంపుటకు పశువైద్యుడు వ్రాసియిచ్చు మాత్రను ఇవ్వవలెను" అని మార్చితిని. మాటలు పెరిగినవి, ప్రమాదము తగ్గినది.

అది మొదలు ఈ విషయమును గురించి చదివినకొలది, విచారించినకొలది ఒక సంగతి నాకు రూఢియైనది. పిల్లుల బద్దెపురుగు విషయమున మనము చేయు పొరపాటులలో పెక్కు, ఒకదానిని మరియొకటిగా భావించుటవలన కలుగునవే. ఒక పురుగును వేరొక పురుగని తలంతుము; కుక్కకు వేయు మందును పిల్లికిని పనికివచ్చునని నమ్ముదుము; మాత్ర మ్రింగించినంతనే చికిత్స ముగిసినదని సంతసింతుము. ఈ మూడింటిలో కడపటి భ్రమను పోగొట్టుటయే ఈ చిన్న వ్యాసముయొక్క ముఖ్యోద్దేశము. తక్కిన రెండింటిని గూర్చియు సందర్భానుసారముగ మనవి చేయుదును.

మొదట పురుగును గుర్తింపవలెను. పిల్లుల ప్రేగులలో నివసించు పురుగులు పలువిధములు. ఏలికపాములు గుండ్రముగ, సేమ్యా పోగులవలె ఉండును. ఇవి తల్లిపాల ద్వారా కూనలకు సంక్రమించును. కొంకిపురుగులు మిక్కిలి చిన్నవి. ప్రేగుగోడను పట్టుకొని రక్తమును పీల్చును. బద్దెపురుగు వీనికంటె భిన్నమైనది. అది నాడావలె పలుచగా, బల్లపరుపుగా నుండి అర మీటరు వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పెరుగును. దాని శరీరము గొలుసువలె అనేక ఖండములతో కూడియుండును. తల ప్రేగుగోడకు అంటుకొనియుండగా, తోకవైపునున్న పండిన ఖండములు ఒక్కొక్కటిగ ఊడి మలముతో బయటపడును.

ఇంటివారు సామాన్యముగా చూచునది ఈ ఖండములనే. అవి బియ్యపు గింజలంతయుండి, పిల్లి తోకక్రింది వెండ్రుకలలోనో, అది పండుకొను గోనెపైననో కనబడును. తడిగా నున్నప్పుడు మెల్లగా కదలుచుండును. ఎండినపిమ్మట పసుపువన్నెకు తిరిగి నువ్వుగింజలవలె అగును. కొన్ని పిల్లులు తమ పిరుదులను నేలకు రాచుకొనును. పెద్ద పిల్లులలో చాలవాటికి ఇంతకుమించి ఏ బాధయు కనబడదు. కూనలలో మాత్రము పురుగులు ఎక్కువైనచో ఎదుగుదల కుంటుపడుట, వెండ్రుకలు కాంతి తగ్గుట, విరేచనములు కలుగుట సంభవించును.

ఈ ఖండమును చూచినప్పుడు దానిని పారవేయక, చిన్న సీసాలో వేసి పశువైద్యుని వద్దకు తీసికొనిపోవుట ఉత్తమము. బద్దెపురుగు గ్రుడ్లు మలములో సమముగ కలిసియుండవు గనుక, మలపరీక్షలో అవి ఒక్కొక్కప్పుడు దొరకకపోవచ్చును. కంటికి కనబడిన ఖండమే కడు నమ్మదగిన సాక్ష్యము.

ఇక మందు సంగతి. మన దేశమున 2015లో ఆరంభమైన జాతీయ నులిపురుగుల నివారణ దినమున 1 నుండి 19 సంవత్సరముల వయస్సుగల వారికి ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చుచున్నారు. నేల ద్వారా మానవులకు సంక్రమించు పురుగులను అరికట్టుటకు అది మంచి కార్యక్రమము. కాని పిల్లవాడికి ఇచ్చిన మాత్రలో ముక్కను విరిచి పిల్లికిని పెట్టుదమనుకొను వారు కొందరు కలరు. ఇది తగదు. ఆల్బెండజోల్ పిల్లులయందు ఎముకల మూలుగను దెబ్బతీసి, రక్తకణముల ఉత్పత్తిని తగ్గించిన సందర్భములు కలవు. అంతేగాక పిల్లుల సామాన్య బద్దెపురుగునకు అది ఆధారపడదగిన మందును కాదు. అట్లే ఏలికపాములకు వాడు పైపరజీన్, పైరాంటెల్ అను మందులు బద్దెపురుగును ఏమియు చేయజాలవు. వెల్లుల్లి పెట్టుట మంచిదని కొందరందురు. వెల్లుల్లి, ఉల్లి పిల్లుల ఎఱ్ఱరక్తకణములను చెరచును. పోకచెక్క పొడి పూర్వము కుక్కల బద్దెపురుగులకు వాడుకలో నుండెను. పిల్లుల విషయమున అది ప్రమాదకరము.

బద్దెపురుగునకు నేడు వాడుకలోనున్న ముఖ్యమైన మందు ప్రాజిక్వాంటెల్. ఇది 1970వ దశాబ్దమున వెలుగులోనికి వచ్చినది. మాత్రగాను, సూదిమందుగాను, మెడవెనుక చర్మముపై వేయు చుక్కలుగాను దొరకును. సామాన్యముగా ఒక్కసారి ఇచ్చినచో చాలును. పిల్లి బరువును తూచి, దానినిబట్టి వైద్యుడు మోతాదును నిర్ణయించును. సామాన్యముగా 6 వారములు నిండిన కూనలకు ఇది ఇవ్వదగినది. అయితే వేరు మందులతో కలిపి తయారుచేసిన మాత్రలలో కొన్నిటికి ఎక్కువ వయస్సును, తగిన బరువును ఉండవలెను. మాత్ర చేదుగా నుండుటచేత పిల్లి నోట నురుగు పెట్టవచ్చును. దానికి భయపడ నక్కరలేదు.

ఈ మందును గురించి ఒక విశేషము చెప్పవలెను. మందు సోకిన పురుగు పట్టు తప్పి, ప్రేగులోనే జీర్ణమైపోవును. కావున చచ్చిన పురుగు బయటపడి కనబడదు. "మాత్ర వేసితిమి గాని పురుగు పడలేదు, మందు పనిచేయలేదు" అని మరునాడే మరియొక మాత్ర వేయువారు ఈ సంగతిని గమనింపవలెను.

ఇప్పుడు నా స్వానుభవమును మనవి చేయుదును. మా యింట ఒక పిల్లికూన యుండెను. దాని తోకక్రింద బియ్యపు గింజలవంటి ఖండములు కనబడగా వైద్యుని వద్దకు తీసికొనిపోయితిని. ఆయన మాత్ర వేసి, "ఇంట ఈ కీటకములను కూడ తొలగింపుడు" అని దాని వెండ్రుకలను పాయదీసి చూపిరి. నేను మొదటి మాటను విని రెండవదానిని మరచితిని. నాలుగు వారములు గడచునప్పటికి గింజలు తిరిగి కనబడెను. మందు నకిలీదని తలచి మందుల అంగడివానిని నిందించితిని. రెండవసారి మాత్ర వేయించితిని. మరల నెల తిరుగకమునుపే గింజలు కనబడెను. మందు దోషము లేదు; అంగడివాని దోషము లేదు. దోషమంతయు నాది.

ఆ కీటకమునకు తెలుగున స్థిరమైన పేరు లేకపోవుట కూడ ఈ మరపునకు కొంత కారణము. కొందరు దానిని పేనందురు, కొందరు గోమారి యందురు, మరికొందరు పిడుదని చెప్పుదురు. పేను మెల్లగా ప్రాకును. పిడుదు చర్మమునకు అంటిపెట్టుకొని ఉబ్బును. ఇది రెండును గాదు. రెక్కలులేని, ఎఱ్ఱని గోధుమవన్నెగల, ప్రక్కలనుండి నొక్కినట్లుండు చిన్న కీటకము. వెండ్రుకల నడుమ చురుకుగా పరుగిడి, పట్టబోయినచో ఎగిరి దూకును. పశువైద్యులు ఫ్లీ అనుచున్నారు గనుక ఇచ్చట నేనును ఆ మాటనే వాడుచున్నాను. అది యున్నదో లేదో తెలియవలెనన్న, పిల్లిని తెల్లని గుడ్డపై నిలిపి సన్నపండ్ల దువ్వెనతో దువ్వవలెను. రాలిన నల్లని నలుసులపై నీటిబొట్టు వేసినప్పుడు ఎఱ్ఱని మరక యేర్పడినచో అది ఫ్లీ విసర్జించిన రక్తమని గ్రహింపవలెను.

బద్దెపురుగునకును ఫ్లీకిని గల సంబంధమే ఈ వ్యాధికి మూలము. బయటపడిన ఖండము ఎండి పగిలినప్పుడు దానిలోని గ్రుడ్లు పిల్లి పడకలో రాలును. ఆ పడకలోనే ఫ్లీ డింభకములు, అనగా దాని పిల్లపురుగులు, దుమ్మును ఎండిన రక్తమును తినుచు పెరుగుచుండును. అవి బద్దెపురుగు గ్రుడ్లను కూడ మ్రింగును. డింభకము ఎదిగి ఫ్లీగా మారి పిల్లిపై చేరునప్పటికి, దాని శరీరములోని గ్రుడ్డు పిల్లికి సంక్రమింపగల దశకు వచ్చియుండును. పిల్లి శుభ్రతను కోరు జంతువు. దినమున ఎక్కువకాలము తన ఒంటిని నాకికొనుచుండును. అట్లు నాకునప్పుడు ఆ ఫ్లీని మ్రింగును. సుమారు 3, 4 వారములలో ప్రేగులో క్రొత్త పురుగు పెరిగి ఖండములను విడువ నారంభించును. మా కూనకు పురుగులు తిరిగి కనబడిన గడువును దీనితో పోల్చి చూచినచో లెక్క సరిపోవును. మాత్ర అప్పటికున్న పురుగును చంపును. మరునాడు మ్రింగబోవు ఫ్లీనుండి కాపాడజాలదు.

ఫ్లీని మరచి వ్యాధిని వెదకుట క్రొత్త పొరపాటు కాదు. 1898లో కరాచీయందు పాల్ లూయీ సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు ప్లేగువ్యాధి ఎలుకనుండి ఎలుకకు ఫ్లీ ద్వారా సంక్రమించునని ప్రయోగముచేసి చూపెను. అప్పటి శాస్త్రజ్ఞులలో పలువురు నమ్మలేదు. 1905 తరువాత బొంబాయిలో జరిగిన విస్తృత పరిశోధనలు ఆ మాటను స్థిరపరచినవి. అది ఎలుకలపైనుండు వేరొక జాతి ఫ్లీ, వ్యాధియు వేరు. ఆ ఘోరవ్యాధితో పిల్లి బద్దెపురుగును పోల్చుట నా యభిమతము కాదు. కాని ఒక పాఠము రెండింటికిని సమానము: రోగిని మాత్రమే చూచుచు, రోగమును మోసికొని వచ్చువానిని విడిచినంతకాలము రోగము తిరిగి తిరిగి వచ్చుచునే యుండును.

ఫ్లీని తొలగించుట యనగా పిల్లిపైనున్న వానిని చంపుట మాత్రమే కాదు. ఎదిగిన ఫ్లీలు పిల్లిపై నుండును. వాని గ్రుడ్లు, డింభకములు, గూళ్లలోని ప్యూపాలు మాత్రము పడకలో, తివాచీలో, మంచము క్రింద, నేల పగుళ్లలో నుండును. మన కంటబడు ఫ్లీలకంటె కంటబడనివే ఎన్నియో రెట్లు. గూటిలోని ప్యూపా వారములకొలది, కొన్నిసార్లు నెలలకొలది, కదలక వేచియుండగలదు. కావున పిల్లికి మందువేసిన వారమునకే క్రొత్త ఫ్లీలు కనబడినచో నిరాశ చెందరాదు. కనీసము 3 నెలలు విడువక ప్రయత్నింపవలెను. వానకాలపు తేమ, ఉక్క ఫ్లీలకు అనుకూలము. మండుటెండ, పొడిగాలి వానికి శత్రువులు. పాతబట్టలను, పరుపులను ఎండలో వేయు మన పెద్దల అలవాటు ఇక్కడ మిగుల ఉపకరించును. పిల్లి పడుకొను గుడ్డను వారమున కొకసారి కాగిన నీటిలో ఉతికి ఎండవేయవలెను. మంచముల క్రింద, మూలలయందు ప్రతిదినము ఊడ్చి, ఆ చెత్తను ఇంటికి దూరముగా పారవేయవలెను. ఇంట ఎన్ని పిల్లులు, కుక్కలు ఉన్నను అన్నిటికిని ఒకేసారి చికిత్స చేయింపవలెను.

పిల్లిపై వేయు ఫ్లీ మందు విషయమున ఒక హెచ్చరికను పాఠకులు ఎన్నడు మరువరాదు. కుక్కలకు వేయు కొన్ని చుక్కల మందులలో పెర్మెత్రిన్ అను పదార్థముండును. కుక్క దానిని సహించును. పిల్లి కాలేయము దానిని విరుగదీయజాలదు. పిల్లికి వణుకు, చొంగ, మూర్ఛలు కలిగి మరణము సంభవింపవచ్చును. పశువుల పిడుదులకు వాడు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ ద్రావణములును పిల్లికి తగవు. కిరసనాయిలు పూయుట మరియొక దురాచారము. పిల్లి దానిని నాకి విషమును కడుపులోనికి తీసికొనును. "కుక్కలో సగము బరువే గదా, సగము మందు వేసిన చాలును" అను లెక్క ఇక్కడ చెల్లదు. పెట్టెపై "పిల్లులకు" అని స్పష్టముగ వ్రాసియున్నదో లేదో, ఎంత వయస్సు నిండిన కూనలకు తగునో చూచిన పిమ్మటనే వాడవలెను. పొరపాటున తగని మందు పడినచో వెంటనే గోరువెచ్చని నీటితోను, కొద్ది సబ్బుతోను కడిగి, ఆలస్యము చేయక పశువైద్యశాలకు కొనిపోవలెను.

మందు వేయదగిన వయస్సు రాని పసికూనలకు సన్నపండ్ల దువ్వెనయే ఔషధము. ప్రతిదినము దువ్వి, దువ్వెనను సబ్బునీటిలో ముంచినచో ఫ్లీలు మునిగి చచ్చును. ఫ్లీలు మితిమీరినచో పసికూన రక్తహీనతచే మరణింపవచ్చును. చిగుళ్లు తెల్లగా పాలిపోయిన కూనను ఒక్కదినమైన ఉపేక్షింపరాదు. తల్లిపిల్లికిని పడకకును చికిత్స చేయక కూనలను మాత్రమే శుభ్రపరచుట వ్యర్థము.

ఇంతవరకు చెప్పినది ఫ్లీ ద్వారా వచ్చు బద్దెపురుగు. ఎలుకలద్వారా వచ్చునది మరియొకటి కలదు. ఎలుక కాలేయములో తెల్లని బుడిపెవలె నుండు డింభకము, పిల్లి ఆ ఎలుకను తినినప్పుడు దాని ప్రేగులో పురుగుగా ఎదుగును. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అను సామెతకు ఇది అనుబంధము: చెలగాటమునకు పిల్లియు మూల్యము చెల్లించును. వీధుల వెంబడి తిరుగుచు వేటాడు పిల్లికి ఫ్లీలు లేకున్నను పురుగులు కనబడినచో ఈ జాతిని అనుమానింపవలెను. దీనికిని ప్రాజిక్వాంటెలే మందు. ఎలుకలను పట్టుట పిల్లి పనియని విడువక, ధాన్యమును మూతగల పాత్రలలో నుంచి, ఇంటిచుట్టు చెత్తను తొలగించి, పిల్లికి కడుపునిండ తిండిపెట్టి, సాధ్యమైనంతవరకు ఇంటిపట్టున ఉంచుటయే నివారణ.

మరి మనుష్యుల సంగతి యేమి? ఖండమును చూచినవెంటనే పిల్లిని సంచిలో వేసి ఊరిబయట విడిచివచ్చు వారు కలరు. ఈ భయము అర్థము చేసికొనదగినదే గాని ఈ పని సమంజసము కాదు. పిల్లి బద్దెపురుగు మనుష్యులకు సోకుట అరుదు. పిల్లితో ఆడుకొను చిన్నపిల్లలు పొరపాటున ఫ్లీని మ్రింగినప్పుడే సోకును. పిల్లవాని మలములోనో, లోదుస్తులపైననో బియ్యపు గింజలవంటివి కనబడినచో, వానిని చూపి వైద్యుని సలహా పొందవలెను. చికిత్స సులభము. మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు కలిగించు బద్దెపురుగు వేరు. అది పంది మాంసముతోను, మనుష్యుల మలముతో కలుషితమైన ఆహారముతోను, నీటితోను సంబంధించినది. ఆ నిందను పిల్లిపై మోపుట అన్యాయము. పిల్లిని వెళ్లగొట్టినచో ఆకలిగొన్న ఫ్లీలు మన కాళ్లనే కుట్టును. పిల్లిని ముట్టిన పిదప, భోజనమునకు ముందు పిల్లలచేత చేతులు కడిగించుట మంచి అలవాటు.

కడపట నా యభిప్రాయమును స్పష్టముగ చెప్పెదను. పశువైద్యశాల యనగా ఆవులకు, గేదెలకు మాత్రమే యని మనలో ఇంకను పలువురి భావన. పిల్లిని సంచిలో పెట్టుకొని అక్కడకు పోవుటకు సిగ్గుపడుదురు. మందుల అంగడిలో "పిల్లికి పురుగుల మందు" అని అడిగి, ఇచ్చినది తెచ్చుకొందురు. ఆ మూడు మాటలలో ఏ పురుగో చెప్పలేదు, బరువెంతో చెప్పలేదు, వయస్సు చెప్పలేదు. అట్లు అడిగినవానికి సరియైన మందు దొరకుట అదృష్టముపై ఆధారపడును. మూగజీవి ఆరోగ్యమును అదృష్టమునకు విడువరాదు. వైద్యులును మాత్రతోపాటు ఫ్లీని గూర్చి తెలుగున రెండు మాటలు కాగితముపై వ్రాసియిచ్చినచో, నావంటి మతిమరపువారు మూడుమారులు మందు కొనవలసిన పని యుండదు.

మా కూనకు మూడవసారి మాత్ర వేయించిన దినముననే పడకగుడ్డలను కాచి ఉతికితిమి. పిల్లులకు తగిన ఫ్లీ మందు వేయించితిమి. మేనత్తగారు స్వయముగా దువ్వెన పట్టిరి. మూడు నెలలు ఈ క్రమమును విడువలేదు. తరువాత బియ్యపు గింజలు కనబడలేదు. పాఠకులు తమ యిండ్లలో ఈ మూడు పనులను, మాత్ర, ఫ్లీ మందు, పడక శుభ్రత, ఒకేదినమున మొదలుపెట్టవలెనని ప్రార్థించుచున్నాను. ఇందులో ఏ యొక్కటి తప్పినను తక్కిన రెండింటి శ్రమ వృథా యగును.